ఆయన కథలో నా చేతులు

"కన్నీళ్ళు రెండో పేరాలో రావాలి. మొదట్లోనే ఏడ్చావనుకో, చివరికి జనానికి ఏమీ మిగలదు," అన్నాడు మా ఆయన బాత్రూంలోంచి.

నేను ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు దగ్గర రెండుసార్లు తోమాలి, స్టేజీ లైట్లకి ముడత కనబడుతుందట. పక్కనే ఆయన రాసిచ్చిన కాగితం ఉంది. రెండు నిమిషాల మాట. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు సవరించుకోవాలో, ఎక్కడ రెండు చేతులూ పైకెత్తి జనానికి చూపించాలో ఎర్రసిరాతో గీతలు గీసి పెట్టాడు. పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన నాకోసం ఇంత శ్రద్ధగా రాసింది ఇదొక్కటే.

"విన్నావా?"

"విన్నానండీ."

"ఏదీ చెప్పు, ఎక్కడ ఏడవాలి?"

"రెండో పేరాలో."

కాగితం పైన 'నేను జ్యోతిర్మయిని' అని మొదలవుతుంది. నా పేరు యలమందమ్మ. మా నాయనమ్మ పేరు, మా కొండ కింద ఊళ్ళో పుట్టిన వాళ్ళకి ఇంటికొకరికి ఉండే పేరు. ఆయన అసలు పేరు కోటేశ్వరరావు. వాళ్ళమ్మ సుబ్బరావమ్మగారికి ఈ రోజుకీ కోటిగాడే. గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద వ్యక్తిత్వ వికాస కేంద్రం తెరిచినప్పుడు బోర్డు మీదకి చైతన్యకృష్ణ అయ్యాడు. తర్వాత ఏడాది నా పేరు మీద పడ్డాడు. "యలమందమ్మ అంటే జనం నవ్వుతారే. స్ఫూర్తి రాదు," అన్నాడు. నన్ను అడగలేదు, చెప్పాడంతే. ఇంట్లో మాత్రం పాత పేరే, లేదా ఏమే. కూతురు భవ్య పేరు ఒక్కటే మార్చలేదు, అది మొదట్నుంచీ స్టేజీకి పనికొచ్చేలాగే ఉంది కాబట్టి.

'నీ జీవితం ఒక కథ, దాన్ని రాసుకునేది నువ్వే' అని చెప్పడం మా ఆయన ఉద్యోగం. డిగ్రీ పిల్లలకీ, బ్యాంకు పరీక్షలు తప్పిన వాళ్ళకీ, ఇన్సూరెన్సు ఏజెంట్లకీ చెబుతాడు. బాగా చెబుతాడు, అబద్ధమెందుకు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగుతారు. ఆ మెట్లు పొద్దున్నే ఆరింటికి ఊడ్చేది నేను. కుర్చీలు తుడిచేది నేను. ఆదివారం శిబిరానికి నలభై మందికి ఉప్మా చేసి, గిన్నెలు ఆటోలో పెట్టించుకుని వెళ్ళి, తిన్న ప్లేట్లు కడిగి తెచ్చుకునేది నేను. పనిమనిషిని పెట్టుకుందామండీ అని ఒకసారి అన్నాను. "మన పని మనం చేసుకోకపోతే ఇక విలువలు ఏం చెబుతాం జనానికి?" అన్నాడు. మన పని అంటే అందులో ఆయన ఎంత చేస్తాడో నేను అడగలేదు. అడగకపోవడం నాకు బాగా అలవాటైన పని, అది కూడా జీతం లేనిదే.

ఆయన చెప్పే కథలన్నిటికీ తలకాయ లాంటి కథ ఒకటుంది. అదే ఈ రోజు బయటికి వస్తున్న పుస్తకంలో మొదటి అధ్యాయం. దాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఇలా చెబుతాడు: "ఆ రోజుల్లో నల్లపాడు స్టేషను వెనక రేకుల గదిలో ఉండేవాళ్ళం. నేను పోటీ పరీక్షలకి చదువుతున్నాను. నా జ్యోతి మిర్చి తొడిమలు తీసే షెడ్డుకి కూలికి వెళ్ళేది. ఓ మధ్యాహ్నం ఎండలో పడి ఇంటికొచ్చింది. ఉయ్యాల్లో పదకొండు నెలల మా పాప ఏడుస్తోంది. తల్లి మనసు ఆగుతుందా? చేతులకున్న కారం సంగతే మరిచిపోయి పాపని గుండెలకి హత్తుకుంది. ఆ కారం పాప కంట్లో పడింది. ఆ కన్ను పోయింది." ఇక్కడ మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగుతాడు. "నేను పాపని ఎత్తుకుని, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా ఆసుపత్రికి పరుగెత్తాను. నా భార్యని ఒక్క మాట అనలేదు. క్షమించాను. ఈ చేతుల్ని మళ్ళీ కారం ముట్టనివ్వనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. మీ కష్టం శాపమా, కథా? తేల్చుకోవాల్సింది మీరే!" అప్పుడు చప్పట్లు.

ఆ ఒట్టు సంగతి కూడా చెప్పాలి. ప్రతి వేసవిలో ఇంటికి బస్తా మిరపకాయలు దిగుతాయి. ఎండబోసి, తొడిమలు తీసి, ఆడించి, ఆయన అక్కచెల్లెళ్ళ ముగ్గురి ఇళ్ళకీ ఏడాదికి సరిపడా కారం డబ్బాలకెత్తి పంపేది ఈ చేతులే. స్టేజీ మీద చేతులు వేరు, వంటింట్లో చేతులు వేరు కాబోలు.

కథ విన్న ఆడవాళ్ళు కార్యక్రమం అయ్యాక నా దగ్గరికొస్తారు. నా చేతులు తమ చేతుల్లోకి తీసుకుని, తిప్పి చూసి, సెల్ఫీ దిగుతారు. "మీ ఆయన దేవుడండీ," అంటారు. భవ్య ఈ కథ మొదటిసారి ఏడేళ్ళప్పుడు వింది, వాళ్ళ స్కూలు వార్షికోత్సవంలో, పిల్లలందరి మధ్య కూర్చుని. అప్పటిదాకా పుట్టుకతోనే కన్ను అలా ఉందనుకునేదట. ఆ సాయంత్రం జడ వేద్దామని దువ్వెన పట్టుకుని దగ్గరికి పిలిచాను. నా చెయ్యి మొహం దగ్గరికి రాగానే తల పక్కకి తిప్పేసింది. కావాలని కాదు, పాపం, దానంతటదే తిరిగిపోయింది. ఇప్పుడు దానికి పదిహేడు. ఈ రోజుకీ జ్వరమొస్తే నుదురు చూడనివ్వదు, థర్మామీటరు ఇవ్వమంటుంది. వాళ్ళ నాన్న భుజం మీద మాత్రం తల పెట్టుకుని టీవీ చూస్తుంది. అది చూసి మా అత్తగారు అంటుంది, "మావాడు కాబట్టి ఏలుకున్నాడు. ఇంకోడైతే కన్ను తీసినదానికి మెడపట్టి గెంటేవాడు."

ఇక జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా షెడ్డులో జానీబీ అని ఉండేది, నా కంటే పదేళ్ళు పెద్దది. చంటిపిల్లల తల్లి ఎవరు కొత్తగా చేరినా మొదటి రోజే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేది. "మంటగా ఉందని నీళ్ళు పోశావా, ఇంకా ఎక్కుద్ది. ముందు నూనె రాయి, మోచేతుల దాకా. తర్వాత సెనగపిండి రుద్దు. తర్వాత సబ్బు. జాకెట్టు మార్చు. అప్పుడు ఎత్తుకో నీ బిడ్డని." ఇదంతా పావుగంట పని. గుంటూరులో తొడిమలు తీసే ఏ తల్లికైనా ఆ పావుగంట తెలుసు. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతున్నా, లోపల బిడ్డ గుక్కపడుతున్నా, గుమ్మం బయటే నిలబడి నూనె రాసుకుంటుంది. అది మరిచిపోయే సంగతి కాదు, అన్నం తినే ముందు చెయ్యి కడుక్కోవడం లాంటిది.

ఆ సోమవారం మా అత్తగారు పెదకాకాని గుడికి వెళ్ళింది. పిల్ల దగ్గర ఆయనే ఉన్నాడు. ఆ వారం షెడ్డులో తేజ కాయ, అన్నిట్లోకి ఘాటు. పొద్దున్నుంచీ తీసి పన్నెండున్నరకి పాలివ్వడానికి వచ్చాను. గోడ మీద నూనె సీసాకి చెయ్యి చాపాను. లోపల్నుంచి ఆయన, మంచం మీద పుస్తకం పట్టుకుని పడుకునే, అరిచాడు.

"ఏమే, వినబడట్లా? పిల్లనెత్తు. గంట నుంచి ఒక్క ముక్క చదవనివ్వట్లా."

"చేతులు కారమండీ. నూనె రాసుకుని వస్తున్నా."

"నీ సోకులు తర్వాత. ముందెత్తు."

"ఒక్క పావుగంటండీ..."

"నేను లేచానంటే బాగోదు."

ముందురోజు అన్నం మెత్తనైందని కొట్టిన దెబ్బకి నా ఎడమ చెవి అప్పటికీ గుయ్యిమంటూనే ఉంది. ఆయన లేవలేదు. లేవాల్సిన అవసరం రాలేదు. నేను సీసా వదిలేసి లోపలికి వెళ్ళాను. చేతులకి పమిటచెంగు చుట్టుకున్నాను, ఆ చెంగుకీ కారమే. మోచేతులతో ఎత్తాను. పిల్ల నా గుండెల్లో మొహం దాచుకుంది, నా జాకెట్టు నిండా కారప్పొడి. ఆ చిన్న పిడికిలితో నా జాకెట్టు పట్టుకుని, అదే పిడికిలితో కన్ను నులుముకుంది. ఒక్కసారి కాదు. నేను ఆపడానికి చెయ్యి పెట్టాను, నా చెయ్యి ఇంకా ఘోరం కదా. "నువ్వొచ్చాకే ఎక్కువైంది దీని గోల," అని ఆయన పుస్తకం తీసుకుని స్టేషనుకి పోయాడు, అక్కడ బెంచీ మీద చల్లగా చదువుకోవచ్చని.

సాయంత్రం అత్తగారు ప్రసాదం తెచ్చింది. చల్లబడుద్దని పిల్ల కంట్లో ఆముదం పోసింది. స్టేషను నుంచి వచ్చిన ఆయనతో ఆసుపత్రికి వెళదామండీ అంటే, "కారం పడ్డ కన్ను దానంతటదే తేరుకుంటుంది. ఆదివారం నాకు పరీక్ష, ఇల్లంతా నెత్తికెత్తుకోమాక," అన్నాడు. నాలుగో రోజుకి నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు లేచింది. జానీబీ షెడ్డు మానుకుని వచ్చి, నన్నూ పిల్లనీ ఆటోలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. "మొదటి రోజే ఎందుకు తీసుకురాలేదమ్మా?" అన్నాడు డాక్టరు. మా ఆయన ఆసుపత్రికి ఏడో రోజు వచ్చాడు. చెప్పులేసుకునే వచ్చాడు.

మరి ఇన్నేళ్ళూ నోరెందుకు మూసుకున్నావంటే, కొంత భయం. అదొక్కటే అని చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది గానీ అది సగమే. ఆయన మొదటిసారి 'మరిచిపోయి' అని చెప్పినప్పుడు నాకు ఒళ్ళు తేలికైంది. అప్పటిదాకా నేను దెబ్బకి జడిసి కన్నబిడ్డని కారంచేతులతో ఎత్తుకున్నదాన్ని. ఆయన ఒక్క మాటతో ప్రేమ ఎక్కువై మతి తప్పిన తల్లిని చేశాడు. పిరికిదాని కంటే మతిమరుపుది నయం కదా. కొన్నేళ్ళకి నేనూ నమ్మాను. ఆయన తన తప్పు దాచుకోవడానికి కథ అల్లాడు, నేను నా తప్పు దాచుకోవడానికి అందులో కాపురం పెట్టాను.

పుస్తకావిష్కరణ పదకొండింటికి. హాలు వెనక చిన్న గదిలో నేనూ భవ్యా కూర్చున్నాం. దానికి వాళ్ళ నాన్న ఎంచిన తెల్ల చుడీదారు. ఎప్పుడూ పెట్టుకునే రంగు కళ్ళద్దాలు లేవు. "తీసెయ్యి తల్లీ. కన్ను కనబడాలి," అన్నాడట పొద్దున. దాని చేతిలోనూ ఒక కాగితం ఉంది. 'నేను కంటి డాక్టర్నై పేదల కళ్ళల్లో వెలుగు నింపుతాను' అని దాని వంతు మాట. రక్తం చూస్తే వాంతి చేసుకునే పిల్ల అది.

"అమ్మా, ఒకటి అడగనా?" అంది కాగితం మడతపెడుతూ.

"అడుగు."

"మొన్న పండుమిర్చి పచ్చడికి నీతోపాటు తొడిమలు తీశాను కదా. గంటసేపు తీసుంటానేమో. రెండు రోజులు మండినయ్యి చేతులు. క్లాసులో కూర్చున్నా అదే ధ్యాస. ఒక్క నిమిషం మరిచిపోలా." నా వైపు తిరిగింది. "నువ్వు ఆ రోజు పొద్దున్నుంచీ తీశావు. నువ్వెలా మరిచిపోయావు?"

పదేళ్ళుగా ఆ కథ విని వేలమంది ఏడ్చారు. ఒక్కరికీ రాలేదు ఈ అనుమానం. ఈ జిల్లాలో మిరపకాయ ముట్టని చెయ్యి ఉండదు, అయినా రాలేదు. కథ బాగుంటే చేతులు కూడా మంట మరిచిపోతాయి.

"చెప్పమ్మా. నువ్వు చెప్పకపోతే నేనే ఏదో ఒకటి ఊహించుకుంటాను. అదింకా ఘోరంగా ఉంటుంది."

దాని ఊహ ఎంత ఘోరంగా ఉన్నా నిజాన్ని మించదనిపించింది. నోరు తెరిచేలోపు కేంద్రంలో పనిచేసే మెహర్ తలుపు తోసి, "మేడమ్, సార్ రమ్మంటున్నారు," అంది.

స్టేజీ మీద నాకూ భవ్యకీ కుర్చీలు వేశారు. ముందువరసలో మా అత్తగారు కొత్త పట్టుచీరలో. మా ఆయన కథ చెప్పాడు, ఎప్పటిలాగే ఆగాల్సిన చోట ఆగాడు, పక్కకి జరిగి, "ఇప్పుడు ఆ తల్లి నోటే విందాం, నా జ్యోతిర్మయి!" అని మైకు ఇచ్చాడు. నా చేతిలో కాగితం ఉంది. ఎర్రగీతలన్నీ కనబడుతున్నాయి. జనం వైపు కాకుండా భవ్య వైపు తిరిగాను.

"నా పేరు యలమందమ్మ," అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"భవ్యా, నువ్వడిగావు కదా. నేను మరిచిపోలేదు. చేతులు నిప్పుల్లా మండుతుంటే ఎలా మరిచిపోతాను? కారం ఉందని తెలిసే ఎత్తుకున్నాను నిన్ను. ఎత్తకపోతే మీ నాన్న లేచి కొడతాడని. ఆ భయం ముందు నీ కళ్ళు నాకు లెక్కలోకి రాలేదు. ఆయన వద్దన్నాడని మూడు రోజులు ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళలేదు. మీ నాన్న చెప్పుల్లేకుండా ఎక్కడికీ పరుగెత్తలేదు. ఏడో రోజు తీరిగ్గా వచ్చాడు. నన్ను క్షమించానంటాడు. క్షమించడానికి నేనాయనకేం చెయ్యలేదు. చేసింది నీకు."

భవ్య ముఖంలో ఏమీ లేదు. మా ఆయన వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. ఒక్క క్షణం, సరిగ్గా ఒక్క క్షణం, ఆయన కోటేశ్వరరావు అయ్యాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.

"చూశారా!" అన్నాడు వణుకుతున్న గొంతుతో. "పదహారేళ్ళ తర్వాత, ఇంతమంది ముందు, తన తప్పు తానే ఒప్పుకునే ధైర్యం! నా తప్పూ దాచలేదు నా భార్య. అవును, నేనూ మనిషినే, నేనూ పడ్డాను, లేచాను! ఇదీ పుస్తకంలో లేని అధ్యాయం! ఈ ధైర్యానికి చప్పట్లు!"

కొట్టారు. లేచి నిలబడి కొట్టారు. కొందరు ఏడ్చారు. ఎవరో ఫోను పైకెత్తి మొదట్నుంచీ తీస్తూనే ఉన్నారు. మా అత్తగారు కూడా లేచింది. ఆ చప్పట్ల మధ్య ఆయన నవ్వుతూనే మైకు కిందికి దించి, రెండో చేత్తో నా మణికట్టు ఎముక తెలిసేలా నొక్కి, "ఇంటికి రా, చెప్తా నీ సంగతి," అన్నాడు. నేను చెయ్యి విడిపించుకుని చూసేసరికి భవ్య కుర్చీ ఖాళీగా ఉంది.

హాలు వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. నేను రెండు మెట్లు పైన కూర్చున్నాను, దగ్గరికి వెళ్ళే ధైర్యం లేక. లోపల ఇంకా చప్పట్లే.

"నాన్న కథలో అమ్మంటే నాకు ఇష్టం," అంది వీధి వైపు చూస్తూ. "తింగరిది. కానీ నేనంటే ప్రాణం."

"నాకూ ఆవిడంటే ఇష్టమేనమ్మా. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలా."

"నువ్వు చెప్పిందాంట్లో నేనంటే ఎవరికీ ఏం లేదు. ఒకళ్ళు లేవలా. ఒకళ్ళు ఆగలా."

కాదమ్మా అనబోయాను. అంటే అదింకో కథ అవుతుంది. దానికి చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా ఉంటారు. ఊరుకున్నాను.

భవ్య అడిగింది, "ఇప్పటికీ కొడతాడా?"

"నువ్వు కాలేజీకి వెళ్ళాక."

"నాకెప్పుడూ..." అని ఆగింది. అప్పుడు మొదటిసారి నా మణికట్టు వైపు చూసింది, ఎర్రగా కమిలి ఉంది.

"ఇవాళ ఇంటికి వెళితే కొడతాడు," అన్నాను. "నేను వెళ్ళడం లేదు. నువ్వు రావాలని అడగను. నాతో రమ్మనే మొహం నాకు లేదు."

లేచి రోడ్డు మీదకి వెళ్ళాను. నా దగ్గర చేతిసంచీ, ఫోను, కట్టుకున్న చీర. ఆటో ఆగింది. ఎక్కడికని అడిగితే బస్టాండుకి అన్నాను. అక్కణ్ణుంచి ఎక్కడికో నాకే తెలియదు. ఎక్కి కూర్చున్నాను. భవ్య మెట్ల మీద నిలబడి హాలు తలుపు వైపు ఒకసారి చూసింది, ఆటో వైపు ఒకసారి చూసింది. ఆటోవాడు విసుక్కున్నాడు. నేను పోనీయమని చెప్పబోతుంటే వచ్చి ఎక్కింది. నా పక్కన కాదు, ఆ చివర, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి. ఆటో కదిలింది.

ఆటో సందు దాటింది. తర్వాత బయటికే చూస్తూ అంది, "ఇంతేనా? ఇంత తేలికా ఆటో ఎక్కడం? ఆ రోజే ఎక్కొచ్చుగా నువ్వు, నన్నేసుకుని."

"ఎక్కాల్సింది," అన్నాను.